పెనాల్టీ మాఫీ

భూమేష్ గీత గీస్తే అది గీతే. ఈ మాట వేరెవరో అనలేదు, భూమేషే అంటాడు. అడిగినవాళ్లకీ అంటాడు, అడగనివాళ్లకీ అంటాడు. కోరుట్ల పక్క పల్లెలో మీసాలు రాకముందే సుతారి పని నేర్చి, లెక్కలేనన్ని గోడలు కట్టి, ఆనక బహ్రెయిన్ వచ్చి, పన్నెండేళ్లుగా ఒక ఫుట్‌బాల్ స్టేడియంలో పచ్చిక మీద తెల్ల గీతలు వేస్తున్నాడు. ఆ మాత్రం గర్వం ఉండదా మరి! గోడలు కట్టిన రోజుల అలవాటు, జేబులో ఎప్పుడూ ముడులు వేసిన దారం ఉంటుంది.

ఇంత మొనగాడికీ ఒక పేరు అంటుకుంది, 'మాఫీ భూమేష్' అని. ఆ స్టేడియంలో చేరిన కొత్తలో ఒకరోజు డ్యూటీకి గంట ఆలస్యమైంది. పెనాల్టీ వేసి జీతం కోస్తారని బిక్కుబిక్కుమంటూ నిలబడితే, గ్రౌండు మేనేజరు జాసిం చేతులూపుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. "పెనాల్టీ మాఫీ! పెనాల్టీ మాఫీ!" అని ఒకటే అరుపు. తెలంగాణలో పుట్టినవాడికి మాఫీ అంటే ఏమిటో వేరే చెప్పాలా? భూమేష్ కళ్లనీళ్లు పెట్టుకుని రెండు చేతులూ జోడించాడు.

"మీ పిల్లలు సల్లగుండాలె సార్!"

జాసిం అరుపు రెట్టింపయింది. అరబ్బీలో 'మాఫీ' అంటే 'లేదు' అనీ, పెనాల్టీ కొట్టే చోట ఉండాల్సిన తెల్లచుక్క లేదని ఆయన మొత్తుకుంటున్నాడనీ పక్కనున్నవాళ్లు చెబితే గానీ తెలియలేదు. మనవాళ్లు కాపురముండే గుదైబియా పేట గదుల్లో ఆ కథ ఇప్పటికీ నడుస్తోంది. చెప్పినప్పుడల్లా కాస్త పెరుగుతుంది కూడా.

ఈసారి అదే స్టేడియంలో అరబ్ దేశాల కుర్రాళ్ల పోటీ పెట్టారు, పదిహేడేళ్ల లోపు వాళ్లకి. పోటీతోపాటు గీతలు గీసే మిషన్ కూడా వచ్చింది. దానికో తెర, నడపడానికో ఆపరేటరు. మీట నొక్కితే చాలు, తనంతట తనే గీసుకుంటూ పోతుంది.

"పోటీ అయిపోగానే నువ్వు సిమెంటు సైటుకి వెళ్లాలి" అన్నాడు జాసిం, భూమేష్ మొహం చూడలేక ఎటో చూస్తూ.

భూమేష్‌కి కడుపు మండిపోయింది. సిమెంటు పని చేతకాక కాదు, తన గీతల మీద ఇంకొకరి చక్రాలు తిరగడం చూడలేక. అయినా తగ్గలేదు.

"మిషన్ గీస్తది సార్. తప్పువోతే దిద్దెటోడు మనిషే గద."

సెమీఫైనల్ యెమెన్‌కీ ట్యునీషియాకీ. చెరొక గోలు. విరామంలో ఒకవైపు గోలు ముందు చిరిగిన పచ్చికని తీసేసి కొత్త ముక్క పరిచారు. దాని మీద చుక్క పెట్టాల్సిన మిషన్ చార్జింగులో ఉంది, ఆపరేటరు టీ దగ్గర ఉన్నాడు. చుక్క సంగతి ఎవరికీ గుర్తు లేదు. ఆట ఇంకో అయిదు నిమిషాలుందనగా రిఫరీ ఈల వేసి, యెమెన్‌కి పెనాల్టీ ఇచ్చాడు. బంతి పెడదామని వంగి చూస్తే అంతా పచ్చగా ఉంది.

వాకీటాకీలో జాసిం గొంతు చించుకున్నాడు. "భూమేష్! పెనాల్టీ మాఫీ!"

పక్కన నీళ్ల పైపు చుడుతున్న అమలాపురం అచ్చిబాబు నవ్వాపుకోలేకపోయాడు. "ఏవండోయ్ భూమేష్ గారూ, ఈసారి దండం పెట్టకండే!"

"నవ్వుడు తర్వాత. ఆ రంగు డబ్బ పట్టుకొని ఉరుకు!"

స్టేడియం అంతా చూస్తుండగా భూమేష్ జేబులోంచి దారం తీశాడు. రెండు కొసలూ గోలు కంబాల మొదట్లో పట్టి, నడిమి ముడి బిగువుగా లాగితే ముడి ఆగిన చోటు గోలు గీతకి సరిగ్గా పదకొండు మీటర్లు, నట్టనడుమ. ఒక కొస అచ్చిబాబుకిచ్చాడు. రెండో కొసకి మనిషి లేడు. ట్యునీషియా గోలీ మాత్రం చుక్క దగ్గరగా పెట్టేస్తారని రిఫరీతో గొడవపడుతున్నాడు. భూమేష్ నేరుగా వెళ్లి ఆ కొస వాడి చేతిలోనే పెట్టాడు.

"పట్టు బిడ్డా. నువ్వే పట్టు."

భాష తెలియకపోయినా వాడు వంగి కంబం మొదట్లో పట్టుకున్నాడు. భూమేష్ వెనక్కి నడిచి, దారం బిగించి, ముడి కింద చుక్క పెట్టాడు. రిఫరీకి నమ్మకం కుదరక టేపు తెప్పించి కొలిపించాడు. పదకొండు మీటర్లు. వెంట్రుకవాసి తేడా లేదు.

గోలైంది, యెమెన్ గెలిచింది. ఓడిన గోలీ కూడా చుక్కని తప్పుపట్టలేదు. దారం పట్టింది తనే కదా!

ఆటయ్యాక జాసిం వచ్చాడు. ఆ చుక్క వైపు చూపించి, మిషన్ ఉన్నా మ్యాచ్ రోజున నువ్వు ఉండి తీరాలన్నాడు. తర్వాత భుజం మీద చెయ్యి వేసి ఒక్కో మాటా ఒత్తి పలికాడు.

"భూమేష్, సిమెంటు సైట్ మాఫీ."

అరబ్బీలో చూసుకున్నా, తెలుగులో చూసుకున్నా అర్థం ఒక్కటే. భూమేష్ దారం చుట్టి జేబులో వేసుకుని, పన్నెండేళ్ల కిందటిలాగే రెండు చేతులూ జోడించాడు.

"మీ పిల్లలు సల్లగుండాలె సార్."

ఈసారి జాసిం అరవలేదు.