స్కోరు షీటులో నేను రాయని తొమ్మిది

ఏడేళ్ళుగా ఒక అంకెను మోస్తున్నాను. తొమ్మిది. అదేం బరువు అంటారా? మొదట్లో నాకూ బరువనిపించలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళ మొహం చూసి చెప్పే ధైర్యం నాకు లేదు.

మాది మెల్‌బోర్న్‌కి పడమటి వైపు, టార్నీట్. మా అబ్బాయి ఐస్ హాకీ ఆడతాడు. ఈ ఎండల దేశంలో తెలుగువాడి కొడుక్కి మంచు మీద ఆటేమిటని నవ్వినవాళ్ళే ఇప్పుడు వాడి ఫొటోలు ఒకరికొకరు పంపుకుంటున్నారు. వాడికి ఇరవై రెండేళ్ళు. యూరప్‌లో ఓ చిన్న ఊరి జట్టు జీతమిచ్చి ఆడిస్తోంది. ఫార్వర్డ్, అంటే ముందుండి గోల్ కొట్టేవాడు. మొదటి మూడు అడుగుల్లోనే ఎదుటివాణ్ణి వెనక వదిలేస్తాడు. మణికట్టు విదిలిస్తే బంతి బదులు వాడే నల్ల రబ్బరు బిళ్ళ గోల్‌కీపర్ భుజం మీదుగా వలలో పడుతుంది. అదంతా వాడి కష్టమే. అబద్ధం ఉన్నది పాస్‌లలో.

వాడికి పదిహేనేళ్ళప్పుడు క్లబ్బులో స్కోరు రాసే పని తల్లిదండ్రులదే. అందరూ తప్పించుకుంటుంటే నేనే కూర్చునేవాణ్ణి. పాపం ఎంత మంచివాడో అనేవాళ్ళు. గోల్ పడగానే రిఫరీ మా బల్ల దగ్గరికి వచ్చి, కొట్టినవాడి నంబరు చెబుతాడు. ఆ బిళ్ళను అందించినవాడి నంబరు కూడా చెప్పాలి. పిల్లల మ్యాచుల్లో చాలాసార్లు అది చూడడు, మీరు చూసుంటే రాసెయ్యండి అని వెళ్ళిపోతాడు. గోల్‌కి ఎంతో పాస్‌కీ అంతే, ఆడినవాడి పేరు మీద ఒక్కో పాయింటు.

మావాడి నంబరు పద్నాలుగు. జోయెల్ నంబరు తొమ్మిది.

జోయెల్‌దీ టార్నీటే. వాళ్ళమ్మ రూతుది కాకినాడ దగ్గర, ఇక్కడ ముసలివాళ్ళను చూసుకునే ఏజ్డ్ కేర్‌లో పని. ఆమెకు షిఫ్టు ఉన్న రోజు పిల్లలిద్దరినీ నా కారులోనే తీసుకెళ్ళేవాణ్ణి. జోయెల్‌ది పెద్ద వేగం కాదు. కానీ గోల్ వెనక్కి వెళ్ళి, తల కూడా ఎత్తకుండా, ఎక్కడినుంచో వస్తున్నవాడి కర్రకి సరిగ్గా అందించేవాడు. వాడికి ఎలా కనిపించేదో నాకిప్పటికీ అర్థం కాదు.

మొదటిసారి జోయెల్ అలాగే అందించాడు, ఇంకో పిల్లాడు గోల్ కొట్టాడు. రిఫరీ చూడలేదు. నేను చూశాను. పాస్ గడిలో పద్నాలుగు అని రాశాను. పొరపాటున రాశానా? చాలా ఏళ్ళు నన్ను నేను అలాగే నమ్మించుకున్నాను. ఏం పొరపాటు? రాష్ట్ర జట్టుకి మా క్లబ్బునుంచి ఒక్క ఫార్వర్డ్‌నే తీసుకుంటారనీ, ఆ కోచ్ మ్యాచులకు రాడు, కాగితాలే చూస్తాడనీ అప్పటికే నాకు తెలుసు. ఆ సీజన్‌లో పదకొండుసార్లు చేశాను. జోయెల్ అందిస్తే మావాడే గోల్ కొట్టినప్పుడు పాస్ గడి ఖాళీగా వదిలేశాను. తిరిగొచ్చేటప్పుడు ఇద్దరూ నా కారు వెనక సీట్లో ఒకే చిప్స్ పొట్లం పంచుకునేవాళ్ళు.

ఒక శనివారం రూతు డ్యూటీ బట్టల్లోనే మ్యాచుకి వచ్చింది. అయ్యాక నా దగ్గరికి వచ్చింది.

"అన్నయ్యా, మావోడు ఇయ్యాల మూడు పాసులిచ్చాడండి. షీట్‌లో ఒకటే ఉందేటండి?"

"రిఫరీ చెప్పిందే రాస్తామమ్మా. మన చేతుల్లో ఏముంటుంది?"

"కోచ్‌ని అడుగుదామనుకున్నానండి. మళ్ళీ అనుకున్నాను, టేబుల్ దగ్గర అన్నయ్యగారే ఉన్నారు, మనోళ్ళుండగా నాకెందుకు బెంగ అని."

అడిగి ఉంటే ఆ రోజే దొరికిపోయేవాణ్ణి. బల్ల దగ్గర తెల్లవాళ్ళుంటే అడిగేది. తెలుగువాణ్ణి కాబట్టి అడగలేదు. మనోళ్ళు! ఆ మాట వింటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది. మా దీపావళి పార్టీల్లో ఆమె కొడుకుతో ఓ చివర కూర్చుని ఉంటే, చర్చికి వెళ్ళేవాళ్ళు కదా అని ఒక్కరం పక్కన కూర్చోలేదు. అప్పుడు ఎక్కడికి పోయాం మనోళ్ళం? నేనెక్కడున్నాను? స్వీట్లు పంచుతున్నాను.

మావాడు రాష్ట్ర జట్టుకి వెళ్ళాడు. మరుసటి చలికాలం సీజన్‌కి జోయెల్ రాలేదు. సెలెక్ట్ కాని ఆటకి ఎందుకని మానేశాడట. ఇప్పుడు అదే ఐస్ రింకులో మంచు నున్నచేసే బండి నడుపుతున్నాడు. పనిలో తక్కువేం లేదు. కానీ నేను కనిపించినప్పుడల్లా చెయ్యెత్తి "ఆల్ గుడ్ అంకుల్?" అంటాడు. తిట్టరా బాబూ, ఒక్కసారి తిట్టు అని అరవాలనిపిస్తుంది. ఎందుకు తిట్టాలో వాడికి తెలిస్తే కదా.

మావాడు కాంట్రాక్టు మీద సంతకం పెట్టినప్పుడు ఇక్కడి తెలుగువాళ్ళు పార్కులో బార్బెక్యూ పెట్టి కేకు కోయించారు. నా చేతే! అంతా మీ పెంపకమేనండీ అన్నారు. నోట్లో కేకు కుక్కారు. మింగాను. అన్నీ మింగేవాణ్ణేగా.

కిందటి వారం మావాడు ఫోన్ చేశాడు. పాస్‌లు ఇవ్వడం రాదని కోచ్ వాణ్ణి బెంచీ మీద కూర్చోబెడుతున్నాడట. వచ్చే ఏడాది ఉంచుకుంటారో లేదో తెలియదట.

"నాన్నా, జోయెల్ ఎప్పుడూ నన్ను ఫైండ్ చేసేవాడు కదా. ఇక్కడ నోబడీ డజ్ దట్. నువ్వు టేబుల్ దగ్గరే ఉన్నావుగా, యూ సా ఇట్, రైట్?"

ఊఁ అన్నాను. జోయెల్ పక్కన ఆడుతూ ఉంటే మావాడూ ఆ విద్య నేర్చుకునేవాడేమో. జోయెలే ఈ రోజు అక్కడ ఉండేవాడేమో. ఇద్దరూ ఉండేవారేమో. ఆ 'ఏమో'లు ఎవరు తేలుస్తారు? నా పెన్ను ఒక పిల్లాడి ఆటను తినేసింది, రెండోవాడి ఆటలో ఎంత వాడిదో ఎంత నాదో తెలియకుండా చేసింది. అన్నిటికంటే నాకు అసహ్యం వేసేదేమిటంటే, కొడుకు కోసం చేశానని ఇన్నాళ్ళూ ఓ త్యాగమూర్తిలా తిరిగాను. వాడు అడిగాడా? ఎప్పుడైనా అడిగాడా?

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. మీరు క్షమిస్తే ఆ ఇద్దరికీ ఒరిగేదేముంది? రాస్తుంటే గుండె కాస్త తేలికపడుతున్న మాట నిజం. అలా తేలికపడుతున్నందుకు నా మీద నాకే కోపం వస్తోంది. అయినా రాస్తాను.

ఆ శనివారం మ్యాచు, మూడో గోల్. కొట్టింది పద్నాలుగు. పాస్ ఇచ్చింది తొమ్మిది. నేను చూశాను.