నూకమ్మ కొన్న గుడ్డి టార్చి

టాటానగర్‌లోని సాక్చీ బజారుకు టార్చిలైటు కోసం వచ్చే ప్రతివాడూ వెలుతురు ఎక్కువున్నదే అడుగుతాడు. నూకమ్మ మాత్రం తక్కువున్నది కావాలని కొట్టువాడి ప్రాణం తీసింది. వాడు చూపించిన ప్రతి టార్చినీ కొంగు చాటున పెట్టుకుని, కళ్ళు మూసి, రెప్పల మీద వేసుకుని చూసింది. రెప్పల లోపలికి ఎర్రగా వెలుగు దూరిందంటే, "ఇది కాదు బాబూ, ఇంకా డిమ్ వాలా దిఖావో" అని పక్కన పెట్టేసింది.

"ఇస్సే తో ఖాలీ అంధేరా దిఖేగా, మౌసీ" అన్నాడు వాడు. దీంతో చీకటి తప్ప ఇంకేమీ కనపడదని ఎగతాళి. చివరికి అడుగున దుమ్ము పట్టి పడున్న పాతకాలపు పచ్చబల్బు టార్చి ఒకటి తీసి ఇచ్చాడు. అది రెప్పల మీద వేసుకుంటే వేసుకున్నట్టే లేదు. నూకమ్మ మొహం విప్పారింది. తన డబ్బులు పెట్టే కొనుక్కుంది, పిచ్చిది.

నూకమ్మ సోంపేట దగ్గరి పల్లె నుంచి పెళ్ళి చేసుకుని ఈ ఊరి బర్మామైన్స్ పేటకు వచ్చిన మనిషి. మొగుడు సీతారాం టాటానగర్ స్టేషన్లో మూటలు మోసీ మోసీ పోయాక, మంచాన పడ్డవాళ్ళకు రాత్రిపూట ఆయాగా కుదిరింది. ఉన్నది ఒక్కగానొక్క కూతురు సుధ. ఆ పిల్లకు మొదటి కడుపు నిలవలేదు. ఇప్పుడు మళ్ళీ నెలలు నిండుతున్నాయి. పురుడు తన చేతుల మీదే పొయ్యాలని నూకమ్మ ఆశ. అందుకు చేతిలో పని ఉండాలి, పనికి మంచిపేరు ఉండాలి. ఆయా బతుకులో పేరు పోయిందంటే అన్నీ పోయినట్టే.

కాసిడీహ్‌లో రమాదేవి గారిల్లు నూకమ్మకు తెలుగు మాట వల్ల దొరికింది. ఆవిడ పెద్ద ఉద్యోగి భార్య, విధవరాలు, నడుం విరిగి మంచానికి అతుక్కుపోయింది. కంటి ఆపరేషన్ తర్వాత వెలుతురు పడితే చాలు, కళ్ళలో కారం కొట్టినట్టు అరిచేది. అంతకు ముందున్న ఆయా సెల్‌ఫోన్ లైటు వేసిందని స్టీలు గ్లాసు విసిరి నుదురు పగలగొట్టింది. నూకమ్మను కూడా గిల్లేది, తిట్టేది. బెడ్‌పాన్ పెట్టాలన్నా, పక్కకు తిప్పాలన్నా చీకట్లో తడుముకోవాలి. గుడ్డి టార్చి వచ్చాక ఆవిడ మొదటిసారి హాయిగా పడుకుంది.

"నువ్వొక్కర్తివే నా కళ్ళ గురించి ఆలోసించినావే నూకీ" అంది ఆవిడ. ఆ ఒక్క ముక్కకే నూకమ్మ కరిగిపోయింది. గిల్లే చెయ్యి ఒకనాడు నిమిరితే చాలు, గిల్లింది మరిచిపోయే జాతి మనది.

ఒక సాయంత్రం రమాదేవి కొడుకు అశోక్ వచ్చాడు. ఆదిత్యపూర్‌లో వాడి వర్క్‌షాప్ మూతపడేలా ఉంది. తల్లి దిండు కింది గుడ్డసంచిలోంచి రెండుపేటల గొలుసు తీసి వాడి జేబులో కుక్కింది. ఆ గొలుసు తనకు చాకిరీ చేస్తున్న కూతురు గీతాంజలికని ఎప్పుడో మాటిచ్చేసినది. కొడుకు వెళ్ళగానే నూకమ్మ చెయ్యి పట్టుకుంది.

"గీతకి తెలిత్తే నన్ను బతకనివ్వదు. నీ సుధ కడుపు మీద ఒట్టెయ్యి, ఎవులికీ సెప్పనని."

నూకమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. కడుపుతో ఉన్న పిల్ల మీద ఒట్టా? అయినా ముసలిదాని కళ్ళలో నీళ్ళు చూసి వేసేసింది. ఎంత తెలివితక్కువ పని!

వారం తిరక్కుండా గీతాంజలి ఎవరిదో పెళ్ళికి వెళ్ళడానికని గొలుసు కోసం సంచి విప్పింది. ఖాళీ. పొద్దున్నే డ్యూటీ దిగబోతున్న నూకమ్మను గది గుమ్మంలోనే ఆపింది. నిన్నటిదాకా మౌసీ అని, మర్యాదగా ఆప్ అని పిలిచిన నోటితోనే, "తూనే లియా నా?" అంది, నువ్వే తీశావు కదా అని. అన్నం డబ్బా బోర్లించింది. చీర కుచ్చిళ్ళు విప్పి దులపమంది. సిగ విప్పమంది. ఏమీ దొరక్కపోయేసరికి టార్చి చేతికి దొరికింది.

"మమ్మీ, దేఖో. ఇంత డిమ్ టార్చ్ ఎవరు కొంటారు? చోర్ లోగ్ కొంటారు."

"అమ్మగారి కళ్ళకోసం కొన్నాను దీదీ! అమ్మగారినే అడగండి" అని నూకమ్మ మంచం వైపు తిరిగింది. తను చెప్పకూడదు గానీ ఆవిడ చెప్పవచ్చుగా! ఒక్క మాట చాలు.

రమాదేవి పైకప్పు చూస్తూ అంది. "ఆ గుడ్డి ఎలుగులో నాకేటి కనపడతాదే గీతా? ఏటి తీసిందో, ఏటి పెట్టిందో."

గీతాంజలి సెల్‌ఫోన్ తీసి నూకమ్మ మొహం మీద ఫ్లాష్ కొట్టి ఫోటో తీసింది. కళ్ళు చిట్లించిన ఆ మొహాన్ని అక్కడికక్కడే కాలనీ గ్రూపులో పెట్టేసింది. పోలీసుల్ని పిలవకపోవడం తన దయ అని చెప్పి, ఇంకో ఆయా కోసం ఫోన్ చేసుకోవడానికి బాల్కనీలోకి వెళ్ళింది.

నూకమ్మ మంచం పక్కన కూలబడింది. ఒట్టు వేయించుకున్నవాళ్ళే దాన్ని తీసి గట్టు మీద పెట్టాలి. వేసినవాళ్ళు తీసుకుంటే తగులుతుంది. చిన్నప్పటి నుంచీ ఆమెకు తెలిసిన ధర్మం అది.

"అమ్మగారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టండి. ఆ ఒక్క ముక్కా అనండి, మిగతాది నానే సెప్పుకుంటాను."

రమాదేవి మెల్లగా మొహం ఇటు తిప్పింది. ఆ మొహంలో కోపం లేదు, భయం కూడా లేదు.

"ఏం ఒట్టే?" అంది.

నూకమ్మ నిజంగానే ఆవిడ పాదాలు పట్టుకుంది.

"టార్చి బల్ల మీద పెట్టి పో. వచ్చేదానికి నీలాగ ఏరి కొనడం వత్తాదో నేదో."

నూకమ్మ లేచి టార్చి బల్ల మీద పెట్టింది. బాల్కనీలో గీతాంజలి గొంతు వినిపిస్తోంది. నాలుగు అడుగులు వేసి నిజం చెప్పేస్తే సరిపోతుంది. వేయలేదు. గట్టు మీద పెట్టని ఒట్టు సుధ కడుపు మీదే ఉంది కాబట్టి, నూకమ్మ దొంగగానే మెట్లు దిగిపోయింది.