హాలు బయట కూర్చున్న తండ్రి

ఇనప కంచె బోనులో ఇద్దర్ని వదిలి, పడినవాడిని కూడా వదలకుండా గుద్దించే బోను పోటీలు కేబుల్ టీవీలోకి వచ్చినప్పటి నుంచీ నాకు ఒళ్ళు మంటే. బాక్సింగుకి ఒక మర్యాద ఉంది. పడితే ఆగుతారు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఆడపిల్లల బాక్సింగ్ చూడ్డానికి ఒంగోలు నుంచి విశాఖపట్నం వెళ్ళాను. హాలు ఎదుట టీకొట్టు టీవీలో అదే బోను పోటీ. ముందు బెంచీ మీద ఒకాయన "గుద్దరా, గుద్దు!" అని ఊగిపోతున్నాడు.

"అసలైన ఆట ఎదురుగా పెట్టుకుని ఈ కసాయితనం చూస్తావేమయ్యా?" అన్నాను.

"లోన ఆడతన్నాది నా కూతురే బాబూ, ఎర్ర బనీను. సముద్రంలో సేపల ఏటకెల్లి తుపానులో సిక్కినా బెదరను గానీ, దాని మొకమ్మీద దెబ్బ పడితే నాను సూడలేను. ఈళ్ళేటి, నాకు సుట్టాలా? ఎంత తన్నుకున్నా టీ దిగిపోద్ది."

లోపల గంట మోగింది. "ఒక్కపాలి ఎల్లి సూసి సెప్పండి బాబూ," అన్నాడు, తెర మీంచి కళ్ళు తిప్పకుండానే.

వెళ్ళాను. హాలంతా మేనత్తలూ, మేనమామలూ, ఇరుగుపొరుగులే. ఎవరికి వారు తమ పిల్ల పేరే అరుస్తున్నారు. ఉత్త ఆట కోసం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే అనిపించింది.

పోటీ ముగిశాక బయటికొచ్చి, "అయిపోయింది," అన్నాను.

గెలిచిందా, ఓడిందా అని ఆయన అడగలేదు.

"ముక్కు బాగుందా బాబూ?"

"బాగుంది. నవ్వుతోంది."

"ఇంక కట్టెయ్ బావా ఆ టీవీ," అని కొట్టతనికి చెప్పి, హాల్లోకి పరుగెత్తాడు.