ముత్తాతకు రెండు ఇంటిపేర్లు

2014 ప్రాంతంలో విదేశంలో, మౌంట్ రాస్కిల్ అనేచోట మా అమ్మాయి దగ్గర ఉండేదాన్ని. అరవై దాటాక తెలుగు అక్షరాలు దిద్దినదాన్ని, ఇంగ్లీషు అసలే రాదు.

పక్కింటి హెలెన్ పూర్వీకులది చెక్ దేశం. అక్కడున్న ముత్తాత సమాధికి కొత్త రాయి వేయించాలని, ఆ ఊరి చర్చి పాత రికార్డులు కంప్యూటర్‌లో వెతికింది. ముత్తవ్వ పెళ్ళాడినవాడికి ఒక ఇంటిపేరు, ఆమె పిల్లల తండ్రికి ఇంకో ఇంటిపేరు ఉన్నాయట. రాయి మీద ఎవరి పేరు వేయాలో తెలియక మా ఇంటికొచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

నాకు తల తిరిగింది. "అయితే మీ ముత్తవ్వకు ఇద్దరు మొగుళ్ళా?" అని రెండు వేళ్ళు చూపించాను.

"అమ్మా! నేనది ట్రాన్స్‌లేట్ చెయ్యను," అంది మా అమ్మాయి. వేళ్ళు చూసిన హెలెన్ మొహం అప్పటికే ఎర్రబడింది.

తప్పు సర్దుకోవాలని, "కాపురం ఎవరింట్లో?" అన్నాను.

మా అమ్మాయి అడిగి చెప్పింది. "ఆవిడ పుట్టింట్లోనేనట. పిల్లల తండ్రికి రాసిందీ ఆ పుట్టింటి పేరేనట."

"మనిషొక్కడేనే! ఇల్లరికం వచ్చుంటాడు. మీ నాన్ననూ మా ఊరంతా మా ఇంటిపేరుతోనే పిలిచేది కదా!"

హెలెన్ ఆ ఊరివాళ్ళను వాకబు చేస్తే అదే నిజమని తేలింది. ఆ రోజుల్లో అక్కడ ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంటి పేరేనట.

"రాయి మీద ఏది వేయించను? మీ ఆయనైతే ఏది కోరేవారు?" అని నన్ను అడిగించింది.

రెండూ వేయించమన్నాను. మా ఆయన ఏ పేరుతో పిలిచినా పలికేవాడు. వాటిలో ఏది తనదనుకున్నాడో మాత్రం నాకు ఇప్పటికీ అంతుబట్టదు.