బర్మా కాలనీ నుంచి ఇరకం దీవి దాకా

ఉదయం ఏడింటికి కాస్త ముందు నెల్లూరులో సూళ్ళూరుపేట వెళ్ళే మెమూ బండి ఎక్కాం. మేమంటే నేనూ, మా పద్మ వదినా. టికెట్టు మనిషికి పాతిక రూపాయల లోపే. కిటికీ పక్క సీటు వదినకిచ్చాను గానీ ఆమె బయటికి చూడనే లేదు. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, ఇంట్లో మొదలుపెట్టిన మాటే మళ్ళీ అందుకుంది.

"చూడ్డానికి వస్తా ఉండా గానీ ఒప్పుకోడానికి కాదు సరోజా. ముందే చెప్తున్నా."

మేం చూడబోయేది ఆమె కూతురు భవాని పెళ్ళాడతానంటున్న అబ్బాయి ఇల్లు. భవాని తడ దగ్గర ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. అక్కడే మిషన్లు బాగుచేసే సెల్వం అనే కుర్రాడు ఆమెకి నచ్చాడు. ఒకసారి నెల్లూరు వచ్చి మాకు కనిపించి వెళ్ళాడు. మనిషికి వంక పెట్టలేకపోయాం. కానీ వాళ్ళది పులికాట్ సరస్సు మధ్యలో ఇరకం దీవి. చేపలు పట్టే కుటుంబం, ఇంట్లో తమిళం మాట్లాడతారు. మా అన్న ఒకటే మాటన్నాడు, పడవెక్కి పోవాల్సిన ఊరికి పిల్లనివ్వనని. భవాని ఏడవలేదు, అలగలేదు. "ఒకసారి పోయి చూసి రండి అత్తా. చూసినాక వద్దంటే అప్పుడు మాట్లాడదాం" అని నాతో అంది. అన్నకి మోకాళ్ళ నొప్పులు. అందుకని మేమిద్దరం బయల్దేరాం.

మా సంగతి కూడా చెప్పాలి. మాది నెల్లూరు శివారులో బర్మా కాలనీ. మా తాతలు విశాఖ వైపు నుంచి రంగూన్ వెళ్ళి, అక్కడ రేవులో మూటలు మోసి, అక్కడి ప్రభుత్వం ఇక పొమ్మన్నాక ఓడలో తిరిగొచ్చినవాళ్ళు. మన ప్రభుత్వం వాళ్ళకి కాందిశీకులని పేరు పెట్టి, తలా ఒక ఇంటిస్థలమిచ్చింది. కొందరికి కుట్టు మిషన్లు కూడా ఇచ్చింది. మా అమ్మ ఆ మిషన్ మీదే మమ్మల్ని పెంచింది. నేను ఇప్పటికీ జాకెట్లు కుట్టే బతుకుతున్నాను. రేకుల ఇళ్ళు పోయి డాబాలు వచ్చాయి. పిల్లలు చదువుకున్నారు, చెన్నైకో బెంగుళూరుకో వెళ్ళిపోయారు. ఇప్పుడు సగం ఇళ్ళలో అద్దెకున్నవాళ్ళే.

గూడూరులో బండి చాలాసేపు ఆగింది. ప్లాట్‌ఫారం మీద ఇడ్లీ పొట్లాలు కొనుక్కున్నాం. చిల్లకూరు వైపు నుంచి వచ్చిన ఒకామె ఆకుకూరల గంపతో ఎక్కి మా ఎదుట కూర్చుంది.

"యాడికి పోతా ఉండారు?"

"ఇరకం" అన్నాను.

"అరవోళ్ళ దీవికా?"

"మమ్మల్ని బర్మావోళ్ళంటారులే" అంది వదిన ముక్తసరిగా. ఆమె వదిన ముఖం వంక ఎగాదిగా చూసి, "నువ్వు చూస్తే మన మనిషిలాగే ఉండావే" అంది. పొద్దుటినుంచి మొదటిసారి వదిన నవ్వింది.

తొమ్మిదిన్నరకి సూళ్ళూరుపేటలో దిగి, చెన్నై లోకల్ పట్టుకుని తడలో దిగాం. జిల్లాలు విడగొట్టినప్పుడు ఈ ప్రాంతం తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ, స్టేషన్ బయట టీ కొట్టాయనకి ఇప్పటికీ ఇది నెల్లూరు జిల్లాయే. అక్కడినుంచి షేర్ ఆటోలో భీములవారిపాలెం రేవుకి చేరాం. వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక మాట: పడవ నిండితేనే కదులుతుంది, వేళంటూ ఏమీ లేదు. తాగేనీళ్ళు, ఎండకి గొడుగు దగ్గర ఉంచుకోవాలి.

పదకొండు దాటాక పడవ కదిలింది. రెండు గ్యాసు బండలు, ఒక మోటారు సైకిలు, మందుల సంచితో ఒక ముసలాయన, చీరలమూటతో ఒకామె, మేమిద్దరం. ఒడ్డు దగ్గర నీళ్ళు మోకాలి లోతే. పడవ నడిపే అతను పొడవాటి గెడతో నేలను తోసి తోసి లోపలికి తీసుకెళ్ళాక ఇంజను వేశాడు. దూరంగా ఫ్లెమింగోలు నీళ్ళలో తలలు ముంచి మేస్తున్నాయి. నాకు చూడ్డానికి బాగుంది. వదిన రెండు చేతులతో పడవ అంచు పట్టుకుని కూర్చుంది.

"రాత్రిపూట పురుడొస్తే ఎట్టా?" అని పడవ నడిపే అతన్ని అడిగింది.

"నెల ముందే సూళ్ళూరుపేటలో చుట్టాలింట్లో పెడతామక్కా. రాత్రి దాకా రానీము."

వదిన నావైపు చూసింది. నేను గొడుగు విప్పి ఆమె తల మీదికి పట్టాను.

దిగేచోట సెల్వం తల్లి పొన్నమ్మ ఎదురుచూస్తోంది. సన్నగా, పొడుగ్గా, వదిన వయసే ఉంటుంది. కొడుకుకి డ్యూటీ ఉండి రాలేదని చెప్పి, మా చేతుల్లోని సంచులు లాక్కుంది. ఇసుక దారిలో నడుస్తుంటే గడప గడపలోంచి మమ్మల్ని చూసి, "వచ్చినారా? రండి రండి" అని పలకరిస్తున్నారు. మేమెవరమో, ఎందుకొచ్చామో దీవంతటికీ తెలుసన్నమాట.

రెండు గదుల శ్లాబు ఇల్లు. ఫ్యాను తిరుగుతోంది, టీవీ ఉంది, గోడకి ఆరేసిన వలలు ఉన్నాయి. వదిన కుర్చీలో కూర్చోకముందే అడిగేసింది.

"ఇంటికి పట్టా ఉండాదా?"

"లేదక్కా. మేమిక్కడ ఉండామని ఊరికి తెలుసు గదా" అంది పొన్నమ్మ, అదేదో వింత ప్రశ్న అయినట్టు.

పీతల పులుసు, రొయ్యల ఇగురు వడ్డించింది. నేను రెండోసారి అన్నం పెట్టించుకున్నాను. తింటున్నప్పుడే పొన్నమ్మ తన సంగతి చెప్పింది. సెల్వం పదో తరగతిలో ఉండగా అతని తండ్రి జబ్బుచేసి పోయాడు. సరస్సులో ఏ రోజు ఎవరు ఎక్కడ వల వెయ్యాలో ఊరంతా కలిసి వంతులు వేసుకుంటారు. మనిషి పోయినా ఆ ఇంటి వంతు తియ్యలేదు. ఎవరో ఒకరు ఆ వంతున వల వేసి, పడిన చేపలు తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళేవాళ్ళు. సెల్వం ఐటీఐ ముగించి ఉద్యోగంలో చేరేదాకా అలాగే జరిగింది.

"ఎవరు పెట్టిందీ అడగలా నేను. అడిగితే పేరొస్తుంది, పేరొస్తే మొహమాటమొస్తుంది అంటారు మావోళ్ళు."

మా నాన్న పోయిన ఏడు నాకు పదిహేడేళ్ళు. కాలనీ అంతా వచ్చింది, ఏడ్చింది, మూడోనాడు ఎవరి మిషన్ దగ్గరికి వాళ్ళు వెళ్ళిపోయారు. వాళ్ళని తప్పుపట్టను. అందరి ఇళ్ళలోనూ అదే లోటు. నేను కాలేజీ మాని అమ్మ పక్కన కూర్చున్నాను. మా కాలనీ నుంచి గుమాస్తాలు, నర్సులు, ఒక ఇంజనీరు కూడా వచ్చారు. ఒక్కో ఇల్లూ తన దారి తాను చూసుకుంది. ఈ దీవిలో ఏ ఇల్లూ అంత పైకి వెళ్ళలేదు. కానీ పొన్నమ్మ కొడుకు చదువు ఆగలేదు. నా చదువు ఆగింది.

భోజనాలయ్యాక వాకిట్లో తాటాకు పందిరి కింద కూర్చున్నాం. పొన్నమ్మ మామగారు ఏకాంబరం వచ్చాడు. సెల్వానికి తాత, ఈ ఊరికి పెద్ద. ఆయన కోడలితో తమిళంలో ఏదో అని, మాతో తెలుగులోకి మారాడు. ఎప్పుడు భాష మార్చిందీ ఆయనకే తెలిసినట్టు లేదు.

"మా పెద్దోళ్ళు దక్షిణం నుంచి వచ్చినారంట. గాలివానకి పడవలు ఇటు కొట్టుకొచ్చినాయంట. ఎప్పుడో ఎవరికీ తెలీదు" అన్నాడు.

"మా ఇంట్లో మావోళ్ళు ఓడ దిగిన కాగితం ఇంకా ఉండాది" అన్నాన్నేను.

"కాగితం ఉండాది సరే. మీ ఊరిపెద్ద ఎవరమ్మా?"

వదిన తడబడింది. "వార్డు మెంబరు ఉండాడు."

"ఆయన ఓటుకి వచ్చేటోడు. మా కట్టు వేరు. దాన్ని దురాయి అంటాము, ఊరంతా ఒప్పుకున్న మాట. పెళ్ళంటే పిల్ల తరఫున ఐదిళ్ళ పెద్దలు వచ్చి మా ముందు తాంబూలం పుచ్చుకోవాల. రేపు మావోడు తాగి పిల్ల మీద చెయ్యి చేసుకున్నాడనుకో, ఆ ఐదుగురూ వచ్చి మమ్మల్ని నిలదీస్తారు, మేము జవాబు చెప్పాల. అడిగే ఊరు లేని పిల్లని తెచ్చుకోము. పిల్లకే కష్టం."

వదిన ముఖం ఎర్రబడింది. ఈ సంబంధం వద్దని చెప్పడానికి నెల్లూరు నుంచి వచ్చిన మనిషి. ఇక్కడ ఇసుకలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, మీ పిల్ల మాకు కుదరదేమోనన్న మాట వింటోంది. లేచి వచ్చేస్తుందనుకున్నాను. నిజానికి లేచింది కూడా.

"ఊరు లేకపోవడమేంది? కట్టుబట్టలతో ఓడ దిగినాం. అరిగిపోయిన మిషన్లు తొక్కి తొక్కి ఇళ్ళు కట్టినాం, పిల్లల్ని చదివించినాం. మాకు పెద్దలు లేరు, నిజమే. ఆడోళ్ళు ఉండారు. ఇల్లు నిలబెట్టింది ఆడోళ్ళే. ఐదిళ్ళు కావాలంటే ఐదిళ్ళ ఆడోళ్ళం వచ్చి మీ ముందు కూర్చుంటాం. నా బిడ్డని ఎవరన్నా ఒక మాటంటే మేమే వచ్చి అడుగుతాం."

పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. "మా కట్టులో ఆడోళ్ళు కూర్చోరమ్మా."

అప్పుడు గడప లోపలినుంచి పొన్నమ్మ గొంతు వినిపించింది. "మామా, మన కట్టు మనకి. వాళ్ళ తరఫున కూర్చునేది వాళ్ళు. వాళ్ళ ఆడోళ్ళు కూర్చోకూడదని మన దురాయిలో ఎక్కడుంది?"

పక్కింటి అరుగు మీదనుంచి ఎవరో ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. ఏకాంబరం అటు చూసేసరికి అక్కడ ఎవరూ లేరు. ఆయన వక్క నములుతూ సరస్సు వైపు తిరిగాడు. ఆయనకి కోపం వచ్చిందో నవ్వు వచ్చిందో నాకు అర్థం కాలేదు.

"దాంట్లో లేదు, నిజమే" అన్నాడు చివరికి. "ఐదుగురు. తక్కువైతే ఒప్పుకోను. పౌర్ణమి దాటినాక వచ్చే ఆదివారం రండి. కూర్చోడానికి చాపలు వేయిస్తా."

ఆ తర్వాత వదిన పెళ్ళికి ఒప్పుకున్నట్టు ఎవరితోనూ చెప్పలేదు. పొన్నమ్మతో కలిసి వెనక వసారాలోకి వెళ్ళి, పిల్లలు తడలోనే అద్దెకి ఇల్లు తీసుకుంటారా, నెలకెన్నిసార్లు దీవికి రావాలి అని ఆరా తీసింది. అది చాలనుకున్నాను.

మూడింటికి తిరుగు పడవ. పొన్నమ్మ పులుసు పోసిన స్టీలు డబ్బా మా చేతికిచ్చి, నీళ్ళలోకి దిగి వదిన చెయ్యి పట్టుకుని పడవెక్కించింది. తడలో నాలుగున్నరకి లోకల్ దొరికింది. భవాని షిఫ్టు మధ్యలో పరుగున స్టేషన్‌కి వచ్చింది. వాళ్ళమ్మ ముఖంలోకి చూసి ఏమీ అడగకుండా నావైపు తిరిగింది. వదినే చెప్పింది, "ఇంకా ఏమీ తేలలా. ముందు పోయి పని చూసుకో." పిల్ల నవ్వుతూ వెళ్ళిపోయింది.

సూళ్ళూరుపేటలో నెల్లూరు బండి ఎక్కి, ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. ఈ ఒక్క రోజు చూసినదాంతో తీర్పు చెప్పడానికి నేనెవరిని? వాళ్ళకి భూమి కాగితం లేదు, ఆసుపత్రి లేదు, సరస్సు ఏటికేడు పూడిపోతోందంటున్నారు. పిల్లలు ఫ్యాక్టరీల దారి పట్టారు. వాళ్ళ కట్టులో ఆడదాని మాట గడప లోపలినుంచే వినబడాలి. మాకు పట్టాలున్నాయి, జీతాలున్నాయి, ఇంటిపెత్తనం ఆడవాళ్ళదే. కానీ ఇన్నేళ్ళలో ఐదిళ్ళవాళ్ళం ఒకరి కోసం కలిసి కూర్చున్న రోజు నాకు గుర్తు లేదు. రెండుచోట్లా ఎక్కడినుంచో వచ్చి పాతుకున్నవాళ్ళమే. వాళ్ళు ఊరై పాతుకున్నారు, మేం ఇళ్ళై పాతుకున్నాం. భవాని ఈ రెంటి మధ్యా ఏదో ఒకటి కట్టుకుంటుందని ఎందుకో నాకు ధైర్యంగా ఉంది.

ఐదిళ్ళు కూడగట్టడానికి వదిన ఫోను తీసింది. నేను మొదటి ఇల్లు, మా వీధిలోని కుమారి రెండోది. కుమారి వెంటనే ఒప్పుకుంది. మూడు, నాలుగు కూడా గూడూరు రాకముందే కుదిరాయి. ఐదో ఇంటి దగ్గర వదిన ఆగిపోయింది. మిగిలినవాళ్ళు కూతుళ్ళ దగ్గరో కొడుకుల దగ్గరో ఉన్నారు. ఊళ్ళో ఉన్నది పక్కింటి నాగరత్నం ఒక్కతే. నలుగురిలో గట్టిగా మాట్లాడగలిగింది కూడా ఆమే. కాలువ నీళ్ళు ఎటు పోవాలన్న తగాదాతో నాలుగేళ్ళుగా ఆమెకీ వదినకీ మాటల్లేవు.

"నువ్వు చెయ్యి సరోజా" అంది.

"పిల్ల తల్లివి నువ్వు" అన్నాను.

మనుబోలు దాటేదాకా ఫోను చేతిలో పట్టుకుని కూర్చుంది. తర్వాత నొక్కి చెవి దగ్గర పెట్టుకుంది. "రత్నం, నేను పద్మని" అంది. సంగతంతా ఒక్క గుక్కలో చెప్పేసింది. దీవి, పెద్దాయన, ఐదిళ్ళు, ఆదివారం.

అప్పుడు నాగరత్నం గొంతు నాకు కూడా వినబడేంత గట్టిగా వచ్చింది.

"సరే గానీ, పొద్దున బండి ఎన్నింటికి?"