అచ్చులక్క దవడ

పళ్ళ డాక్టరు గది వెనక కూర్చుని, గురక తగ్గించే పళ్ళ తొడుగులు చేసే ఆవిడను అందరూ అచ్చులక్క అంటారు. ఆమెకు మనుషుల ముఖాలు తెలియవు, వాళ్ళ పళ్ళ అచ్చులే తెలుసు. తొడుగు కింది దవడను ఎంత ముందుకు నిలపాలో చూసుకుంటూ తన దవడనూ ముందుకు చాపుతుంది. ఒక్కోసారి ఆ దవడతోనే బజారుకు వెళ్ళిపోతుంది. పోయిన నెల ఒక బస్సు డ్రైవరు అచ్చు వచ్చింది. నిద్రలో ఊపిరి ఆగి ఆగి, పగలు కునికిపాట్లు పడుతున్నాడట. ఈసారి నిద్ర పరీక్ష తప్పితే స్టీరింగు ముట్టుకోనివ్వరట. ఆ తొడుగు అంచుల్ని ఆమె మూడుసార్లు అరగదీసి, బుగ్గకు రాసి చూసుకుంది. ఈ ఉదయం ఎవరో భార్యాభర్తలు తలుపు తోసుకుని వచ్చారు.

"డాక్టరుగారు ముందు గదిలో ఉంటారండీ" అంది.

ఆయన నవ్వాడు. కోరపన్ను మీదికి ఎక్కిన ఇంకో పన్ను కనిపించింది. అచ్చులక్క చేతిలోని ఆకురాయి జారిపోయింది.

"అన్నయ్యా, మీరా! పరీక్ష ఏమైంది?"

"గట్టెక్కానమ్మా. రేపు పొద్దున్నే మొదటి బస్సు నాదే."

"ఈయన గురక ఆగాక నా గురక బయటపడిందట. నాకూ ఒకటి చేసిపెట్టమ్మా" అంది భార్య.

"ముందు డాక్టరుగారికి చూపిద్దాం పదండి వదినా" అంటూ లేచిన అచ్చులక్క దవడ అప్పటికే ముందుకు వచ్చేసింది.