పోయిన ఇరవై మూడు కళ్లు

2022 కార్తీకమాసంలో, బండారులంకలో ఒక చేనేతవారి ఇంట్లో కర్రపెట్టె మూత తీసినప్పుడు పోయినవాటి లెక్క ఇది. గుడ్డ మీద రాసిన పాత పటం ఒకటి, పొడవు తొమ్మిది మూరలు. అందులో మనుషులు పదహారుమంది, గుర్రం ఒకటి. మనుషుల్లో ఎదురుగా చూసేవాళ్లు ఏడుగురు, అంటే పద్నాలుగు కళ్లు. పక్కకు తిరిగినవాళ్లు తొమ్మిదిమంది. పక్క ముఖానికి ఒక్క కన్నే కాబట్టి తొమ్మిది. గుర్రానిది ఒకటి, అదీ పక్కకు తిరిగిందే. మొత్తం ఇరవై నాలుగు. చెదలు తినగా మిగిలిన ముక్కలు ఆరు. వాటిలో ఒకదాని మీద డప్పు వాయించేవాడి చెవి, సగం తలపాగా, ఒక కన్ను చెక్కుచెదరకుండా ఉన్నాయి. అది తీసేస్తే పోయిన కళ్లు ఇరవై మూడు.

నేను గ్రాఫ్ రాసేవాణ్ణి. చీర కొంగు మీద నెమలి రావాలంటే ముందు ఆ నెమలిని గళ్ల కాగితం మీద గడి గడిగా నింపాలి. గళ్ల నిలువు వరస ఒక్కొక్కటి ఒక పడుగు పోగు, అడ్డ వరస ఒక్కొక్కటి ఒక పేక పోగు. ఆ కాగితాన్ని బట్టి అట్టలకు చిల్లులు కొడతారు. మగ్గం మీద బిగించిన జకార్డ్ అనే యంత్రం ఆ చిల్లుల ప్రకారం పోగుల్ని లేపుతుంది. ఈ పని నాకు ఎవరూ నేర్పలేదు. పదో తరగతి తప్పాక రావులపాలెం అరటి మార్కెట్లో గెలల లెక్క రాస్తూ, గళ్ల పుస్తకంలో మిగిలిన చోట పువ్వులు నింపుకుంటూ నేర్చుకున్నాను. అప్పటికి ఇరవై ఆరేళ్లుగా అదే నా జీవనం.

ఆ పటం వాళ్ల వీధి అందరిదీ. లోకంలో మొదటి గుడ్డ నేసినవాడి కథ అందులో ఉంది. రాజు, రాణి, ముని, రాక్షసుడు అంతా ఆ కథలోవాళ్లే. కార్తీకంలో ఒక రోజు వీధిలో కట్టి ఆ కథ చెప్పుకుంటారు. దాచే బాధ్యత సత్యవతి ఇంటిది. సత్యవతికి నలభై రెండేళ్లు, మంచి చేయి ఉన్న నేతగత్తె. పటం కట్టగానే ఆ ఇంటి పెద్ద ఆడమనిషి మెత్తటి పొడి నూలుగుడ్డతో బొమ్మల కళ్లను మాత్రం ఒక్కొక్కటే తుడుస్తుంది. అలా తుడిస్తే బొమ్మలు మేలుకుంటాయని నమ్మకం. ఆ తర్వాతే కథ మొదలు. మిగతా రోజుల్లో పెట్టె తెరవకూడదు. ఆ నియమం వల్లే లోపల చెదలు ఏం చేస్తున్నాయో ఎవరికీ తెలియలేదు.

నన్ను కబురుపెట్టి పిలిపించిన రోజున వీధి పెద్ద సూర్యారావుగారు కూడా అక్కడే ఉన్నారు.

“ఏం చేత్తామమ్మా, పోయింది. వచ్చే ఏటికి అమలాపురంలో ఫ్లెక్సీ కొట్టించేద్దాం. గంటలో ఇచ్చేత్తారు. రంగులు కూడా జిగేల్మంటాయి,” అన్నారాయన.

“ఫ్లెక్సీ కళ్లు ఎవరు తుడుత్తారండి బాబయ్యగారూ? మా అత్తయ్యగారా?” అంది సత్యవతి.

“మరేం చెయ్యమంటావు? రాసేవాళ్లేరీ?”

“రాసేవాళ్లు లేరు. నేసేవాళ్లం ఉన్నాం కదండీ. నేత్తాను. ఏడాది గడువివ్వండి.”

ఆయన నావైపు చూశారు. “ఏవండీ గ్రాఫ్ మాస్టారూ, అవుద్దంటారా?”

లెక్క చూడకుండా జవాబు చెప్పే అలవాటు నాకు లేదు. లెక్క చూసి చెబుతానన్నాను. ఆయన అక్కడికక్కడే షరతు పెట్టారు. వచ్చే కార్తీకానికి పటం వస్తే పెట్టె సత్యవతి ఇంట్లోనే ఉంటుంది. రాకపోతే ఫ్లెక్సీ కడతారు, పెట్టె సంఘం గదికి పోతుంది.

“ఆయ్. అలాగేనండి,” అంది సత్యవతి, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా.

ఒళ్లు, బట్టలు, రంగులు తెలుసుకోవడం కష్టం కాలేదు. పటం ముందు నిలబడి వీధివాళ్లు దిగిన ఫోన్ ఫోటోలు పదకొండు సంపాదించాను. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు కూడా రెండు పంపారు. కానీ వాటిలో కళ్లు లేవు. పెద్దది చేసి చూస్తే కన్ను నాలుగు మసక గళ్లయ్యేది. నాకు కావలసింది అడ్డంగా ఇరవై ఎనిమిది, నిలువుగా పన్నెండు గళ్లు. మిగిలిన ముక్క మీద డప్పువాడి కన్ను పైరెప్పతో సహా కొలిస్తే వచ్చిన లెక్క అది.

ఆ ఒక్క కన్ను చూసి మొదట నాకు పటం రాసినవాడి మీద చిన్నచూపు కలిగింది. మనిషి పక్కకు తిరిగినప్పుడు కన్ను సగమే కనపడాలి. ఇక్కడ పక్క ముఖం మీద నిండు కన్ను, ఎదురుగా మనల్నే చూస్తున్నట్టు ఉంది. పని రానివాడు రాశాడనుకున్నాను. తర్వాత ఆ రెప్ప చూశాను. పైరెప్పకు గీతలు రెండు. ఒకటి రెప్ప అంచు, పైన ఉన్నది రెప్ప మడత. రెండింటి మధ్య ఖాళీ చివరల్లో ఒక గడి, నడుమ మూడు గళ్లు, ఎక్కడా తడబాటు లేదు. అంత లెక్కగా గీసినవాడికి కన్ను ఎలా కనపడుతుందో తెలియక కాదు. ముఖం ఎటు తిరిగినా కన్ను మాత్రం కథ వింటున్న మనకే ఇవ్వాలనుకున్నాడు.

మిగతా కళ్లు తెలిసిన మనిషి ఒక్కరే. సత్యవతి అత్తగారు వీరమ్మగారు. నలభై ఎనిమిదేళ్లు ఆ కళ్లు తుడిచిన చేయి ఆవిడది. ఎనభై దాటారు. నీటికాసులు వచ్చి రెండు కళ్లకూ వెలుగు చీకటి తేడా మాత్రమే తెలుస్తుంది.

“మామ్మగారూ, రాజు కళ్లు ఎలా ఉండేవండి?” అని అడిగాను.

“ఎలా ఉండడమేంటి నాయనా, కళ్లలాగే ఉండేయి.”

సత్యవతి నవ్వేసింది. వీరమ్మగారు మాత్రం చూపుడువేలు గాలిలో పెట్టి, ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా నడిపించారు. తర్వాత తన రెప్పలు కొంచెం దించి, అలాగే బిగబట్టి కూర్చున్నారు.

“ఇదిగో, ఇలాగ. కొలుచుకో.”

నేను జేబులోంచి ఆరంగుళాల స్కేలు తీశాను.

“కంట్లో పొడిచేవు. పొడిచినా పోయేదేం లేదనుకో,” అన్నారావిడ, రెప్ప కదపకుండానే.

అలా ఒక్కొక్క బొమ్మ రెప్పను ఆవిడ తన ముఖం మీద చూపించారు. నిండుగా తెరిచిన కంటిని పన్నెండు గళ్లుగా పెట్టుకుని లెక్క వేశాను. రాజుకి పైరెప్ప మూడు గళ్లు దిగింది. డప్పువాడిని చూపించమన్నప్పుడు నాలుగు వచ్చింది. ముక్క మీద కొలిస్తే సరిగ్గా నాలుగే. ఆవిడ జ్ఞాపకానికి అది నేను పెట్టిన పరీక్ష. ఆ సంగతి ఆవిడకు చెప్పలేదు.

“రాక్షసుడికి నల్లగుడ్డు చుట్టూతా తెలుపుండాలి. పైరెప్ప నల్లగుడ్డుకి తగలకూడదు. తగిలిందా, మనిషైపోతాడు,” అన్నారు ఒకరోజు. ఇంకోరోజు ముని గురించి: “కళ్లు మూసుకున్నాడంటారంతా. మూసుకోలేదు. కింద గోరంత తెలుపుంది. తుడిచినదాన్ని నాకు తెలీదూ?” ఆ గోరంత తెలుపు నా కాగితం మీద ఒక్క గడి. దాన్ని నింపేస్తే ముని నిద్రపోయాడు. ఖాళీగా వదిలేస్తే ధ్యానంలోకి వెళ్లాడు. ఇన్నేళ్లలో ఒక్క గడికి అంత బలం ఉంటుందని నాకు తెలియదు.

తప్పు ఆ తర్వాత చేశాను. మా పనిలో ఎదురు బొమ్మను సగమే గీస్తాం. జకార్డ్‌లో పోగుల్ని లాగే కొక్కేలను హుక్కులంటారు. మాకున్నవి రెండు వందల నలభై. ఒక్కో హుక్కుకి అటొక పోగు, ఇటొక పోగు కడితే కుడి సగం అద్దంలో పడినట్టు ఎడమ సగంగా తిరిగి వస్తుంది. అదే హుక్కులతో రెట్టింపు వెడల్పు. ఎదురెదురు నెమళ్లు, మామిడిపిందెలు, గోపురాలు నేను ఇన్నాళ్లూ అలాగే గీశాను. ఎదురు ముఖాలకూ అలాగే గీశాను. అందుకే వీరమ్మగారి దగ్గర ప్రతి ఎదురు బొమ్మకూ ఒక్క కన్నే కొలుచుకున్నాను. రెండోది లెక్కలో దానంతటదే వస్తుందనుకున్నాను.

మొదట రాణి ముఖం నేశాం. మగ్గం మీద గుడ్డ చుట్టు తిప్పి చూసిన సత్యవతి పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“అన్నయ్యగారూ, రాణిగారు ముక్కు మీద ఈగని చూత్తున్నారండి.”

నిజమే. రాణి పక్కనున్న రాజు వైపు ఓరచూపు చూడాలి. నేను ఒక కంటికి ఓరచూపు పెట్టాను. మగ్గం రెండో కంటికి దాన్ని తిప్పి వేసింది. రెండు నల్లగుడ్లూ ముక్కు దగ్గర కలుసుకున్నాయి.

లోపలి నుంచి వీరమ్మగారు, “ఎటు చూత్తోంది?” అని అడిగారు. సత్యవతి చెప్పింది.

“రాజుని చూడకుండా ముక్కు చూసుకుంటే కాపరం ఎలా చేత్తదే?”

ఆ రోజు నేను నవ్వలేకపోయాను. నల్లగుడ్డు మాత్రమే కాదు తేడా. ఆవిణ్ణి మళ్లీ కూర్చోబెట్టి రెండో కళ్లు అడిగితే, ఒక్క బొమ్మకూ రెండు రెప్పలు సమానంగా లేవు. రాజుకి ఒకటి మూడు గళ్లు, ఇంకోటి నాలుగు. “నువ్వు అడగలేదు కదా, నేను చెప్పలేదు,” అన్నారు. గీసిన ఎదురు ముఖాల గ్రాఫులన్నీ పక్కన పెట్టేశాను. కార్తీకానికి అప్పటికి నాలుగు నెలలు.

సూర్యారావుగారు అటు వచ్చి, “ఫ్లెక్సీవాడికి చెప్పమంటారా?” అన్నారు. ఎగతాళి కొంచెం, జాలి కొంచెం.

“చెప్పకండి,” అన్నాను. అదీ లెక్క చూసే అన్నాను.

లెక్క ఇది. ఒళ్లు, నగలు, బట్టలు జకార్డ్ మీదే. కళ్లు మాత్రం చేత్తో. కన్ను వచ్చే చోట సత్యవతి పడుగు పోగుల్ని వేళ్లతో ఎత్తి, చిన్న కండెలకు చుట్టిన నలుపు, తెలుపు దారాల్ని ఒక్కో వరసలో దూర్చాలి. నేను మగ్గం పక్కన కూర్చుని గ్రాఫ్ చదవాలి.

“పదకొండు వదులు. మూడు ఎత్తు. ఒకటి వదులు. రెండు ఎత్తు.”

“ఆయ్.”

“తొమ్మిది వదులు. ఏడు ఎత్తు.”

“ఆయ్.”

ఆ ‘ఆయ్’ వినపడేదాకా తర్వాతి వరస చదివేవాణ్ణి కాదు. ఒక కంటికి ఒక పూట. తప్పితే విప్పడమే. రాక్షసుడి కన్ను మూడుసార్లు విప్పాం. గుర్రం కన్ను ఐదుసార్లు. ఐదోసారి విప్పుతూ సత్యవతి, “దీనికి గంతలు కట్టేద్దామా అన్నయ్యగారూ?” అంది. చేయి మాత్రం ఆపలేదు. మధ్యాహ్నానికి ఆరోసారి పూర్తిచేసింది.

మిగిలింది చివరి బొమ్మ. నేతగాడి తల్లి. కొడుకు నేస్తున్న మొదటి గుడ్డ పూర్తయ్యేదాకా కళ్లు తెరవనని ఎదురుగా కూర్చున్న తల్లి. ఆవిడ కళ్లు చూపించమని అడిగితే వీరమ్మగారు తన రెప్పలు కదపలేదు.

“ఆవిడవి నేను తుడవలేదు నాయనా. ఆవిణ్ణి మనం లేపకూడదు. ముఖం పక్కకి తిప్పుకుని కళ్ల మీద బంతిపూల దండ వేసేయడమే. మా అత్తగారూ అంతే.”

ఫోటోలు మళ్లీ తీసి చూశాను. పదకొండింటిలోనూ ఆ చోట బంతిపూలే. వీధిలో ఇంటింటికీ వెళ్లి అడిగాను. ఇరవై తొమ్మిది ఇళ్లు. ఆ కళ్లు చూసినవాళ్లు ఒక్కరూ లేరు. పటం రాసినవాడు ఆ తల్లిని గుడ్డ పూర్తికాకముందు ఉన్నట్టు చూపించాడో, పూర్తయ్యాక ఉన్నట్టు చూపించాడో తెలియదు. మూసి ఉన్నాయో తెరిచి ఉన్నాయో తెలియదు.

“రెండు గీతలు పెట్టేయండి మాస్టారూ, మూసుకున్నట్టు ఉంటాయి. ఎవడు చూసొచ్చేడు?” అన్నారు సూర్యారావుగారు.

“ఎవరూ చూడలేదు కాబట్టే పెట్టకూడదండి బాబయ్యగారూ,” అంది సత్యవతి. నాదీ అదే మాట. రాణికి నేను చూడని కన్ను ఒకటి ఊహించి పెట్టి ఏమైందో అప్పటికే తెలుసు. ఆ ముఖంలో కళ్ల చోట గుడ్డ ఖాళీగా వదిలేశాం.

2023 కార్తీకంలో పటం వీధిలో కట్టారు. వీరమ్మగారి చేయి పట్టుకుని సత్యవతి ఒక్కో బొమ్మ దగ్గరికీ తీసుకెళ్లింది. చేత్తో వేసిన దారం గుడ్డ మీద కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది. ఆవిడ వేలికి అది దొరికింది. రాణి దగ్గర వేలు ఆగింది. అటూ ఇటూ రెండుసార్లు తడిమి, “ఆఁ. ఇప్పుడు ఆయన్నే చూత్తోంది,” అన్నారు. తల్లి దగ్గరికి వచ్చేసరికి, చూపు లేని తన ముఖాన్ని అలవాటుగా పక్కకు తిప్పుకుని దండ వేశారు. సూర్యారావుగారు మాట మీద నిలబడ్డారు. పెట్టె ఇప్పటికీ సత్యవతి ఇంట్లోనే ఉంది. మూడు నెలలకోసారి తెరిచి చూసేలా నియమం మార్చారు.

అప్పటినుంచి ముఖం ఉన్న బొమ్మ ఏది వచ్చినా నేను సగం గీయను. రెండు కళ్లూ విడివిడిగా కొలుస్తాను. కొలవనిది కాగితం ఎక్కించను. పని నిదానమైంది, దాని గురించి నాకు బాధ లేదు.

గ్రాఫ్ పుస్తకం ఆఖరి పేజీలో ఆ పటం లెక్క ఇంకా కొట్టివేయకుండా ఉంది. పోయినవి ఇరవై మూడు. తిరిగి వచ్చినవి, ఎదురు ముఖాలు ఆరింటికి పన్నెండు, పక్క ముఖాలవి ఎనిమిది, గుర్రానిది ఒకటి, మొత్తం ఇరవై ఒకటి. అసలు ఆ తల్లికి పటం రాసినవాడు కళ్లు పెట్టకుండానే దండకు వదిలేసి ఉంటే బాకీ సున్నా అవుతుంది. అది కూడా ఎవరూ చూసి చెప్పలేదు కాబట్టి సున్నా వేయలేదు. ఈ రోజుకీ బాకీ రెండు.